మధ్యలోంచి అడగని పాఠం

నోట మాట పుట్టకముందే దాని అర్థం ఎరిగిన దేవునికి స్తోత్రం. మనం ఏది ఎక్కడ దాచామో తెలిసి కూడా పొద్దున్నే లేపి, కాళ్లకు బలమూ చేతికి పనీ ఇచ్చే తండ్రికి మహిమ. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చునేదాన్ని కాదు. ఇన్నేళ్లుగా కూర్చోలేదు కూడా. ఈ రాత ఆయన ఎదుట నా ఒప్పుకోలుగా ఉండాలని కోరి మొదలుపెడుతున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి పక్కగదిలో పిల్లలకు కెమిస్ట్రీ చెప్తుంటాను. పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి ఇప్పుడు కొత్త పాఠాలు లేవు, పాతవి తిరగేయించడమే. మొన్నటి ఆదివారం మలంచా పేట నుంచి వచ్చే ఒక అమ్మాయిని, "నికెల్ ఏ గ్రూపులో దొరుకుతుంది?" అని అడిగాను. ఆ పిల్ల తెలివైనదే. కళ్లు మూసుకుంది, పెదాలు కదిపింది, ఆగింది. తర్వాత నా మొహంలోకి చూసి, "మొదటి నుంచి సెప్పనా ఆంటీ?" అంది.

నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. తలనొప్పిగా ఉందని చెప్పి పిల్లలను తొందరగా పంపేశాను. ఆ మాట ఇంతకుముందు విన్నాను. అదే బెదురు, అదే వినయం. అన్నది మా అక్క.

నాకు సొంత అక్క కాదు. ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. ఇప్పుడు ఆ వరస లేదు. పెంకులు దింపేశారు, గోడలు కూల్చేశారు, తుప్పలు మొలిచాయి. అప్పట్లో సాయంత్రమైతే ఆ వరసంతా బొగ్గుల కుంపట్ల పొగతో నిండిపోయేది. ఒక ఇంట్లోంచి ఆవనూనెలో చేపలు వేగుతున్న వాసన వచ్చేది, అది మేం బౌది, అంటే వదిన, అని పిలిచే బెంగాలీ ఆవిడ ఇల్లు. రెండో ఇంట్లోంచి కాల్చిన ఎండుచేపల వాసన వచ్చేది, అది మాది. రెండు వాసనలూ నడవలో కొట్టుకుంటుంటే మా మామ్మ పీటమీద కూర్చుని, "మన సేపే గెలిసింది" అని తీర్పు చెప్పేది. వర్క్‌షాప్ సైరన్ మోగితే అన్నం వార్చేవాళ్లు, మళ్లీ మోగితే పిల్లలను కేకేసేవాళ్లు. కుళాయి దగ్గర తెలుగే, గోడమీద తెలుగే. ఊరు బెంగాలుదన్న సంగతి మాకు బడికి వెళ్తేనే గుర్తొచ్చేది.

అక్క నాకంటే రెండేళ్లు పెద్దది. పన్నెండో తరగతి పరీక్షలు జరుగుతుండగా వాళ్ల నాన్న పనిలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. మిగతా పేపర్లు అంతకుముందే అయిపోయాయి, కెమిస్ట్రీ ఒక్కటే మిగిలింది. సమాధి చేసిన మూడో రోజున ఆ పిల్ల వెళ్లి రాసింది. ఏం రాసిందో దానికే తెలియదు. తప్పింది.

తండ్రి సర్వీసులో పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. ముందు పెద్దమ్మను, అంటే అక్క తల్లిని, డాక్టరు పరీక్షకు పంపారు. కళ్ల పరీక్షలో ఆమె తప్పింది. గోడమీది అక్షరాలు కాదు, గోడే సరిగ్గా కనపడలేదని వచ్చి చెప్పింది. ఇక అక్కే మిగిలింది. పన్నెండు పాసైన కాగితం తెస్తే ఆఫీసులో గుమస్తాగా తీసుకుంటామన్నారు. వర్క్‌షాప్‌లో బరువులు మోసే కలాసీ పని ఆడపిల్ల చేయడం అప్పట్లో మా వాళ్లెవరూ ఎరగరు, అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. మరుసటి ఏడు ఫలితాలు వచ్చేదాకా క్వార్టరులో ఉండనిచ్చారు. కాగితం వస్తే ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ పోతాయి. మళ్లీ రాసే అవకాశం ఆ ఒక్కసారే.

ఆ ఏడే నేనూ పన్నెండులో ఉన్నాను. ఈస్టరుకు ముందు శ్రమదినాలు మొదలయ్యే వారంలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. మా అమ్మ ముడీలో, అంటే మరమరాల్లో, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నాలుగు చుక్కల ఆవనూనె వేసి కలుపుతోంది. పెద్దమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"ఒలమ్మా, నీ గుంటకి ఆ మందుల సదువు బాగా ఒస్తాదంట కదా. మా దానికి కూడా కాస్త సెప్పమను. నాకు మరి దిక్కు లేదు."

"లోపలికి రా వదినా, గుమ్మంలో కూకుంటావేటి" అంది మా అమ్మ.

"సెప్తానంటేనే వస్తాను."

నేను అప్పటికే లేచి నిలబడ్డాను. "సెప్తాను పెద్దమ్మా. అక్క పాసవుద్ది. నాది పూచీ."

ఆ మాట అనమని నన్నెవరూ అడగలేదు. పదహారేళ్ల పిల్ల నోట్లోంచి అది అంత తేలిగ్గా వచ్చింది. పెద్దమ్మ నా చేయి పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నాకు గర్వంగా ఉండింది. సిగ్గుపడాల్సిన సంగతిని సిగ్గు లేకుండా చెప్తున్నాను, చాలా గర్వంగా ఉండింది.

నాకు ఎలా చెప్పడం తెలుసో అలాగే చెప్పాను. మా సండేస్కూల్లో వచనాలు కంఠస్థం చేయించే పద్ధతి ఒకటుండేది. పాస్టరు అయ్యగారి భార్యను మేం అమ్మగారు అనేవాళ్లం, ఆ పద్ధతి ఆమె పెట్టిందే. కీర్తన మొదటి మాట నుంచి చివరి మాట వరకు తడబడకుండా అప్పజెప్పాలి. ఎక్కడ తడబడినా మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. పదహారో వచనంలో తప్పినా సరే, ఒకటో వచనానికి వెళ్లాల్సిందే. "దేవుని మాటని ముక్కలు సెయ్యకూడదమ్మా" అనేది ఆమె. ఆ పోటీలో నాకు ఆరు స్టీలు గ్లాసులు వచ్చాయి. మా ఇంట్లో చుట్టాలకు నీళ్లు ఆ గ్లాసుల్లోనే ఇచ్చేవాళ్లు.

కెమిస్ట్రీలో రాతపరీక్ష వేరుగా, ప్రాక్టికల్ వేరుగా పాసవ్వాలి. ప్రాక్టికల్లో ఒక పొట్లంలో ఏదో ఒక లవణం ఇస్తారు. అందులో ఏ లోహం ఉందో వరసగా పరీక్షలు చేసి కనుక్కోవాలి. మొదటి గ్రూపు, రెండో గ్రూపు, మూడో గ్రూపు అని ఒక పెద్ద పట్టిక ఉంటుంది. పిల్లలందరూ భయపడేది ఆ పట్టికకే. నేను దాన్ని తెలుగులోకి దించి, వచనాలుగా విరిచి, మా చర్చిలో పాడే ఒక రాగంలో కూర్చాను. సీసంతో మొదలై మెగ్నీషియంతో ముగిసేది. అక్క దాన్ని కుళాయి దగ్గర, గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ పాడుకునేది. తప్పితే తనే తలమీద మొట్టికాయ వేసుకుని మళ్లీ ఎత్తుకునేది.

మామ్మ చెవి ఒగ్గి వినేది. "ఏటే ఇది? సీసమంటాది, రాగంటాది, తగరమంటాది. కళాయోడి కీర్తనా?"

"సదువు మామ్మా" అనేది అక్క.

"సదువైతే ఏడుస్తా సదవాలి. నువ్వు పాడతన్నావేటి?"

నవ్వులు కూడా ఉండేవి. కష్టంలో ఉన్న ఇంట్లో నవ్వు ఉండదని బయటివాళ్లు అనుకుంటారు. మా దగ్గర లాబ్ లేదు, వంటిల్లే లాబ్. పాత హీటరు కాయిలు తీగను వంచి, కిరసనాయిలు స్టవ్ నీలిమంటలో ఉప్పు పెట్టి పసుపు మంట చూశాం. రాగితీగ పెట్టి పచ్చమంట చూశాం. గిన్నెలకు కళాయి పూసే అతను వస్తే అతని దగ్గర నవాసాగరం చిటికెడు అడుక్కుని, సున్నంతో కలిపి వాసన చూసి, ముక్కు పట్టుకుని నడవంతా పరుగెత్తాం. బౌది తలుపు తీసి "కీ హోలో రే?" అని కేకేసింది, ఏమైందర్రా అని. ఏం లేదు బౌదీ, చదువుకుంటున్నాం అన్నాం.

ఒకసారి అంతకంటే ఘోరం చేశాం. ప్రభురాత్రి భోజనానికి అమ్మగారు నల్లద్రాక్ష రసం తీసి చర్చి పక్కగదిలో సీసాలో పెట్టుకునేది. ఆమ్లమూ క్షారమూ అక్కకు కళ్లకు కట్టించాలని నేను ఆ సీసాలోంచి అర గ్లాసు వంపాను. అందులో చాకలి సోడా వేయగానే ఎర్రటి రసం మురికి ఆకుపచ్చగా మారింది. "ఒలమ్మో! ప్రభువు రక్తం పచ్చబడిపోనాది" అని అక్క వణికిపోయింది. సరిగ్గా అప్పుడే అమ్మగారు గుమ్మంలోకి వచ్చింది. గ్లాసు వంక చూసింది, మా వంక చూసింది. కొడుతుందనుకున్నాం.

"ఇది ఇంకా ప్రార్థన సెయ్యనిది. అందుకే బతికినారు" అంది. గ్లాసును వెలుతురుకు పట్టి చూసి, "మళ్లీ ఎరుపు సెయ్యగలవా దీన్ని?" అని నన్నడిగింది. నిమ్మకాయ పిండి చూపించాను. ఎర్రబడింది. ఆమె గ్లాసు కడిగించి, మా ఇద్దరినీ మోకరింపజేసి, ఆ వారమంతా మాచేత చర్చి ఊడ్పించింది. అక్క ఊడుస్తూ కూడా పట్టిక పాడుకుంది.

ప్రాక్టికల్ పరీక్ష ఇంకో పది రోజులుందనగా నేను సుభాష్‌పల్లిలో మా కెమిస్ట్రీ సార్ ఇంటికి వెళ్లాను. ఒక నోట్సు తెచ్చుకోవాలని. ఆయన బెంగాలీ. మాతో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడేవాడు. నీ స్నేహితురాలి సంగతేమిటి అని అడిగాడు. చెప్పాను. పాట సంగతి కూడా గొప్పగా చెప్పాను. పాడమన్నాడు. పాడాను. ఆయన భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడి విని, బాగుంది బాగుంది అని నాకు రెండు లూచీలు, అంటే మైదా పూరీలు, పెట్టింది. సార్ మాత్రం నవ్వలేదు.

"శోనో మా" అన్నాడు. వినమ్మా అని. "పాట బాగుంది. కానీ పరీక్షలో ఎవరూ మొదటి నుంచి అడగరు. మధ్యలోంచి అడుగుతారు. కింద నుంచి అడుగుతారు. ఆ అమ్మాయిని నువ్వు మధ్యలోంచి అడిగావా?"

అడిగాను సార్ అన్నాను.

అది అబద్ధం. అడిగింది ఒక్కసారి. అంతకు ముందు వారం, సరదాకి, "జింకు ఏ వచనం?" అన్నాను. అక్క బిత్తరపోయింది. పెదాలు కదిలాయి, "మొదటి నుంచి సెప్పనా?" అంది. సరే అన్నాను. చెప్పింది, జింకు దగ్గరకు వచ్చేసరికి మొహం వెలిగిపోయింది. అది చాలనుకున్నాను.

సార్‌కు నా మొహంలో ఏం కనిపించిందో, ఒక కాగితం తీసి గబగబా ఇరవై ప్రశ్నలు రాశాడు. అన్నీ అటూ ఇటూ కలిసినవే. "రోజూ ఇవి అడుగు. ఆమె ఏడుస్తుంది. ఏడవనీ. అడుగుతూనే ఉండు. వారంలో వస్తుంది. ఠీక్ హై?"

కాగితం చేతిలో పట్టుకుని దారంతా నడిచాను. నాకు ఒళ్లు మండుతోంది. మా సండేస్కూలు అమ్మగారి పద్ధతి ఈయనకేం తెలుసు అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ మా అరుగుమీద కూర్చుని ఉంది, అక్క నిలబడి పట్టికంతా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్తోంది. కళ్లు సరిగ్గా కనపడని ఆ తల్లి, మాటకు మాట తల ఊపుతోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరి వచనం అవగానే "ఆమేన్" అంది. నన్ను చూసి, "నీ నోరు సల్లగుండ. నా బిడ్డకి బుర్ర లేదనుకున్నాను. నువ్వు బుర్ర పెట్టినావు" అంది.

ఆ సంతోషాన్ని ఇరవై ప్రశ్నలతో చెడగొట్టడానికి మనసు రాలేదని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం ఏమిటంటే, అక్క ఏడిస్తే, తడబడితే, నేను సరిగ్గా చెప్పలేదని అందరికీ తెలిసిపోతుంది. మా అమ్మ కుంపటి రాజేస్తోంది. ఆమె అటు తిరగగానే కాగితాన్ని బొగ్గులమీద వేశాను. నలుపు తిరిగి, ముడుచుకుని, ఒక్క క్షణంలో పోయింది.

ప్రాక్టికల్ రోజున పెద్దమ్మ ఉపవాసం. అక్క కూడా ఉంటానంది. మా మామ్మ ఊరుకోలేదు. "దేవుడు నీ ఖాళీ కడుపు సూసి మార్కులెయ్యడే" అని చోడిజావ గ్లాసు నోటికి పెట్టి తాగించింది.

మేదినీపూర్ నుంచి ఒక పరీక్షాధికారి వచ్చాడు. సన్నగా, జ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు. లాబ్ అంతా కుళ్లిన గుడ్ల కంపు. ఆ గ్యాసు లేకుండా రెండో గ్రూపు తేలదు. అక్కది నా పక్క బల్ల. నా పొట్లంలో తెల్లటి పొడి. నేను విప్పుతూ పక్కకు చూశాను. అక్క పొట్లంలో నీలం.

గాఢమైన, మెరిసే నీలం. మైలుతుత్తం. కెమిస్ట్రీ పుస్తకం ముట్టుకోని వాళ్లు కూడా చెప్తారు, రాగి అని. నా గుండె తేలికైంది. దేవుడు తన దాసురాలికి దారి చూపించాడు అనుకున్నాను. నేరుగా రెండో గ్రూపుకు వెళ్లి, ఒక్క పరీక్ష చేసి, రాసేసి కూర్చోవచ్చు.

అక్క కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, మొదటి వచనం నుంచి మొదలుపెట్టింది.

నేనే చెప్పాను ఆమెకు, రంగు చూసి మోసపోకు, వచనం దాటకు అని. ఆమె దాటలేదు. లేని సీసానికి నిర్ధారణ పరీక్ష చేసింది. అది కాదని తేలాక దానికి రెండో పరీక్ష కూడా చేసింది. నా పొట్లం పని అయిపోయింది. నేను గాజుగొట్టాలు కడుగుతూ నిలబడ్డాను. నోరు తెరిచి "రాగి" అనడం దొంగతనం. అది చేయకూడదని నాకు తెలుసు, చేయలేదు. కానీ పది రోజుల కిందట చేయాల్సింది చేసి ఉంటే, ఆ రోజు నా నోటికి ఏ పనీ ఉండేది కాదు.

పరీక్షాధికారి అక్క బల్ల దగ్గరకు వచ్చాడు. పాపం మంచివాడే. మెల్లగానే అడిగాడు.

"నీలం ఉప్పు ఇచ్చాను. చూడగానే ఏ లోహం అనిపించింది?"

అక్క నిటారుగా నిలబడింది. చేతులు కట్టుకుంది, సండేస్కూల్లో లాగే. "సార్, మొదటి గ్రూపులో..."

"మొదటిది అడగలేదమ్మా. ఈ రంగు దేనిది?"

"సార్, మొదటి గ్రూపులో సీసం..."

"ఆగు. పోనీ, రెండో గ్రూపులో ఏ గ్యాసు పంపుతావు?"

పెదాలు కదులుతున్నాయి. వేగంగా, నిశ్శబ్దంగా. ఎక్కడికో పరుగెడుతోంది ఆమె, మొదటి నుంచి, ఆయన అడిగిన చోటుకు. ఇంకో నాలుగు మాటలు ఆగితే చేరేది. నాకు తెలుసు, నేనూ లోపల ఆమెతో పాటే పాడుతున్నాను. ఆయన వంగి ఆ పెదాల వంక చూశాడు.

"కీ మంత్రో పొడ్ఛో?" అన్నాడు. ఏం మంత్రం చదువుతున్నావు అని. వెనక బల్లల్లో ఎవరో నవ్వారు.

ఆ నవ్వుతో ఆమె పాట దారం తెగింది. మళ్లీ కళ్లు మూసుకుంది. కళ్లు తెరిచి అంది, "మొదటి నుంచి సెప్పనా సార్?" అని. కంగారులో తెలుగులో అంది. ఆయనకు అర్థం కాలేదు. కాగితంమీద ఏదో రాసుకున్నాడు, పక్క బల్లకు వచ్చాడు. అది నాదే. నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు, మూడూ మధ్యలోంచి. మూడూ చెప్పాను. "వెరీ గుడ్" అన్నాడు.

ఇద్దరం ఇంటికి నడుస్తున్నాం. రైలు పట్టాల పక్క మట్టిదారిలో అక్క ఆగి, నా భుజం పట్టుకుంది.

"ఒలే, అది రాగి కదా?"

"అవునక్కా."

"నాకు తెలుసే. పొట్లం ఇప్పగానే తెలుసు. మరి నోట్లోకెందుకు రానేదు?"

నేను భుజం విడిపించుకుని ముందుకు నడిచాను.

ఫలితాల వరకు మా వరసంతా ప్రార్థనలే. శుక్రవారం స్త్రీల కూడిక పెద్దమ్మ ఇంట్లోనే పెట్టారు. చాపలు చాలక ఆడవాళ్లు నేలమీదే కూర్చున్నారు. అయ్యగారు ఆదివారం బలిపీఠం దగ్గర అక్క తలమీద చేయి పెట్టి, "ఈ బిడ్డ తెలివిని వెలిగించు తండ్రీ" అని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను. ఒప్పుకోలు ప్రార్థన వచ్చినప్పుడల్లా అనుకునేదాన్ని. లేచి, ఆమె తెలివికి ఏమీ కాలేదు, అది ముందే వెలుగుతోంది, నేను ఒక కాగితం కాల్చాను అని చెప్పాలి. ప్రతివారం తర్వాతి వారం చెప్తాననుకున్నాను. చెప్పే బదులు, అప్పటికే రాసేసిన మార్కును మార్చమని దేవుణ్ణి అడిగాను. తలగడ కింద పిడికిలి బిగించి, అది ఇస్తాను ఇది ఇస్తాను, ఆరు గ్లాసులూ తెచ్చి చర్చికి ఇచ్చేస్తాను అని బేరమాడాను. ఆ బేరం ఆయన వినలేదు. విని ఉంటే నేను ఈ రోజుకీ గర్వంగానే ఉండేదాన్ని.

రాతపరీక్షలో అక్క పాసైంది. ప్రాక్టికల్లో తప్పింది. నాకు బడి మొత్తం మీద కెమిస్ట్రీలో ఎక్కువ మార్కులొచ్చాయి. ఆ సంగతి వరసంతా చెప్పడానికి మా నాన్న మిఠాయి తెచ్చి, గోడ అవతలి ఇల్లు గుర్తొచ్చి, పొట్లం విప్పకుండానే బీరువామీద పెట్టేశాడు. దానికి అక్కడే చీమలు పట్టాయి.

వేసవిలో వాళ్లు క్వార్టరు ఖాళీ చేశారు. పలాసలో పెద్దమ్మకు ఒక చెల్లెలుంది, అక్కడికి. రెండు ట్రంకు పెట్టెలు, ఒక కుట్టుమిషను, గిన్నెల మూట. మంచం రైల్లో పట్టదని మాకే వదిలేశారు. పెద్దమ్మ గోడ తడుముకుంటూ ఒక్కో గదిలోకి వెళ్లి వచ్చింది. నన్ను దగ్గరకు పిలిచి, నా తల నిమిరి, "నువ్వు సెయ్యగలిగిందంతా సేసినావు తల్లీ. దాని రాతే అంత" అంది. నేను అప్పుడు చెప్పి ఉండాల్సింది. ప్లాట్‌ఫారంమీద చెప్పి ఉండాల్సింది. బండి కదిలేటప్పుడు అక్క కిటికీ ఊచల్లోంచి నా వేళ్లు పట్టుకుంది, అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "నువ్వు బాగా సదువుకోవే" అంది ఆమె. సదువుకున్నాను. అదే చదువు చెప్పుకుని బతికాను.

అక్కడ ఆమె జీడిపిక్కలు కొట్టే పనికి చేరిందని తర్వాత తెలిసింది. ఆ పిక్క పెంకులో నూనె ఉంటుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకుని కొడతారు. అయినా కాలుతుంది. వేళ్లు నల్లబడి, పొరలు లేచిపోతాయి.

కొన్నేళ్ల కిందట ఒక పెళ్లికి పలాస నుంచి వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది. నేను ఖరగ్‌పూర్ దాన్నేనని తెలిసి నవ్వింది. "మా సంగంలో ఒక పెద్దామె ఉన్నాది, మీ ఊరిదే. సండేస్కూల్ పిల్లలకి ఎప్పుడూ ఒక మాట సెప్తాది. నాకొక సెల్లి ఉండేది, బంగారంలాటి పిల్ల, రాత్రీ పగలూ కూకుని నాకు సదువు సెప్పింది, నా బుర్రలోనే ఏటీ లేదు, అందుకే పిక్కలు కొట్టినాను, మీరు బుర్ర పెట్టి సదవండి అని."

ఆ పెళ్లిలో నేను అన్నం ముట్టలేదు.

ఆమె చేతులు కాలడం ఒకటి. ఇల్లు పోవడం ఒకటి. కానీ తన తలలో ఏమీ లేదని ఒక మనిషి ఇన్నేళ్లు నమ్మి, అదే సాక్ష్యంగా పిల్లల ముందు నిలబడి చెప్పడం వేరు. పొట్లం విప్పగానే రాగి అని తెలిసిన తల అది. ఆ అబద్ధాన్ని ఆమె తలలో పెట్టింది పరీక్షాధికారి కాదు, రాత కాదు, దేవుడు కాదు. నేను. దాన్ని తీయగలిగింది కూడా ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

పలాస ఏమంత దూరం కాదు. పొద్దున్న ఎక్కితే అదే రోజు దిగొచ్చు. రెండుసార్లు ఎక్కాను. రెండుసార్లూ బాలాసోర్‌లో దిగి, ఎదురు ప్లాట్‌ఫారంమీద వెనక్కి వచ్చే బండి ఎక్కేశాను. నిజం చెప్తే ఆ బంగారంలాంటి చెల్లెల్ని ఆమె దగ్గర నుంచి తీసేసుకోవాలి కదా. అది నాకు చేతకాలేదు.

మొన్న ఆ పిల్ల మాట విన్నాక మళ్లీ టికెట్ తీశాను. వచ్చే గురువారానికి. అక్కకు డెబ్బై దాటలేదు, కానీ ఆ చేతుల పనిలో మనుషులు తొందరగా అలిసిపోతారు. ఆలస్యమైతే నేను ఎవరితో చెప్పాలి?

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, నా కోసం గొప్ప ప్రార్థనలేమీ వద్దు. మీరు ఎక్కడున్నా ఒక్క నిమిషం తల వంచి, నాతో కలిసి ఇంత మాత్రం అడగండి. తండ్రీ, ఈమెను బాలాసోర్‌లో దిగనివ్వకు. ఆ అక్కను అంతవరకు ప్రాణంతో ఉంచు. నీ బుర్ర మొదటి నుంచీ బాగానే ఉందక్కా, తప్పు నాదని చెప్పేటప్పుడు ఈమె నోరు మూతపడనివ్వకు. విన్నాక ఆమె తలుపు వేసుకున్నా సరే, మాట మాత్రం లోపలికి వెళ్లనివ్వు.

ఆమేన్ అనండి. మీరు అంటే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది.